థియేటర్‌లో పేషెంటుకు చేరని ఖర్చు: మా ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా టీము చిన్నది. మత్తు డాక్టర్‌గా నేను, థియేటర్ ఇన్‌చార్జ్ సిస్టర్, సీనియర్ ఓటీ టెక్నీషియన్ ఒకరు, బయోమెడికల్ ఇంజినీర్, మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. ఊరు గోదావరి ఒడ్డున ఉంది. ఆసుపత్రి ఓ మోస్తరు ప్రైవేటు ఆసుపత్రి. థియేటర్లు నాలుగు: జనరల్ సర్జరీకి రెండు, ఎముకల ఆపరేషన్లకు లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి ఒకే దిశలో నేరుగా దిగే ఏర్పాటు) ఉన్నది ఒకటి, సిజేరియన్లకూ ఎమర్జెన్సీలకూ ఇంకొకటి. ఈ నాలుగింటి వల్ల పర్యావరణానికి జరిగే నష్టం తగ్గించే పనిని మేనేజ్‌మెంట్ మాకు అప్పగించింది. ఇంకో ఆసుపత్రిలో ఎవరైనా ఇదే పని మొదలుపెడితే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి మీటింగులో అందరి నోటా వచ్చిన మాట ప్లాస్టిక్. గ్లవ్స్, సెలైన్ సీసాలు, సిరంజి కవర్లు, డిస్పోజబుల్ గౌన్లు. ఒక్క కేసు అయ్యేసరికి బకెట్లు నిండిపోతాయి కాబట్టి అందరి చూపూ అటే పోవడం సహజం. నేను మాత్రం 2017లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పాను. వాంకూవర్, మిన్నియాపొలిస్, ఆక్స్‌ఫర్డ్‌లలో మూడు పెద్ద ఆసుపత్రుల థియేటర్లను లెక్క గట్టారు. ఆసుపత్రి మొత్తం మీద చదరపు అడుగుకు అయ్యే కరెంటు, ఇంధనం కంటే థియేటర్లలో 3 నుంచి 6 రెట్లు ఎక్కువ ఖర్చవుతోంది. అందులో 90 శాతానికి పైగా ఏసీ, గాలి ఆడించే యంత్రాలే. ఇక థియేటర్ల మొత్తం కర్బన భారంలో (వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల లెక్కలో) మత్తు గ్యాసుల వాటా వాంకూవర్‌లో 63 శాతం, మిన్నియాపొలిస్‌లో 51 శాతం, ఆక్స్‌ఫర్డ్‌లో 4 శాతం. అంత తేడా ఎందుకంటే, మొదటి రెండు చోట్లా డెస్‌ఫ్లురేన్ అనే మత్తు గ్యాసు బాగా వాడేవాళ్లు, ఆక్స్‌ఫర్డ్‌లో వాడేవాళ్లు కాదు.

అంటే బకెట్లో కనబడే దానికంటే కంటికి కనబడని గాలి, గ్యాసు పెద్ద సమస్య. అది విన్నాక సిస్టర్ ఒక ప్రశ్న వేశారు: "మేడమ్, అయితే పేషెంటుకిచ్చే మత్తులో కోత పెడతామా?" కోత పెట్టం. ఆ రోజే మా పనికి హద్దు గీసుకున్నాం. థియేటర్లో ఖర్చయ్యే దాంట్లో పేషెంటుకు చేరేదాన్ని ముట్టుకోం. చేరనిది ఎక్కడెక్కడ పోతోందో వెతికి దాన్నే ఆపుతాం. ఇకముందు ఏ నిర్ణయానికైనా ఇదే గీటురాయి.

జూన్, మూడో వారం: నైట్రస్

ముందు నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాసును పట్టుకున్నాం. 1844లో హోరేస్ వెల్స్ పన్ను పీకించుకోవడానికి పీల్చిన గ్యాసే ఇది. ఇప్పటికీ మన థియేటర్ల గోడల్లో దీనికి పైపులైను ఉంటుంది. గాలిలో కలిస్తే వందేళ్లకు పైగా ఉండిపోతుంది. బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. పైగా ఓజోన్ పొరను తినేస్తుంది. ఇంత చేసే గ్యాసును మేం వాడేది ఇప్పుడు బాగా తక్కువ. ఆపరేషన్ తర్వాత వాంతులు ఎక్కువవుతాయని, పేగు ఉబ్బుతుందని చాలామందిమి మానేశాం. పసిపిల్లలకు మాస్కుతో మత్తిచ్చేటప్పుడు మాత్రం కొందరు వాడతారు.

మరి వాడకం తగ్గితే సిలిండర్లు కూడా తక్కువ రావాలి కదా? స్టోర్ ఇండెంట్ పుస్తకం తెరిచి చూస్తే సిలిండర్లు ఎప్పటిలాగే వస్తున్నాయి. అనస్థీషియా చార్టులు ముందేసుకుని, ఏ కేసులో ఎంతసేపు ఎన్ని లీటర్లు వాడామో కూడాం. కొన్న గ్యాసు ముందు అది ఒక మూలకు కూడా రాలేదు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో చుట్టుపక్కల ఆసుపత్రుల వాళ్లు కొన్నేళ్ల క్రితం ఇలాగే లెక్క చూస్తే, కొన్న నైట్రస్‌లో చాలావరకు ఏ పేషెంటూ పీల్చకుండానే పోతోందని తేలింది. మా దగ్గరా అదే జరుగుతుందేమోనన్న అనుమానాన్ని కొలిచి తేల్చుకోవాలి.

ఇక్కడొక చిక్కుంది. నైట్రస్ సిలిండర్ గేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపల ద్రవంగా ఉంటుంది, పైన ఆవిరి ఉంటుంది. ద్రవం ఉన్నంతసేపూ ముల్లు ఒకేచోట నిలబడుతుంది, ద్రవం అయిపోయాకే పడుతుంది. వంటింటి గ్యాసు బండ లాగా దీన్నీ తూకం వేయాల్సిందే. క్యాంటీన్ స్టోర్లో బియ్యం బస్తాలు తూచే కాటా అడిగి తెచ్చాం. సిలిండర్ మెడ దగ్గర ఖాళీ బరువు ముద్ర కొట్టి ఉంటుంది, దాన్ని చాకుపీసుతో పైన పెద్దగా రాసుకున్నాం. వాల్వు కట్టి, మూత బిగించి, ఇద్దరు పట్టుకుని కాటా మీద నిలబెట్టి, గొలుసు వేసి తూచాం.

శనివారం సాయంత్రం కేసులన్నీ అయ్యాక తూచిన సిలిండర్లను మేనిఫోల్డ్‌కి (సిలిండర్లను పైపులైనుకు కలిపే చోటుకి) తగిలించాం. ఆదివారం ఎమర్జెన్సీలున్నా ఎవరూ నైట్రస్ తిప్పలేదు. నాలుగు థియేటర్ల మెషీన్ల మీదా కాగితం అంటించి, వాడితే సంతకం పెట్టమన్నాం. సంతకాలు లేవు. సోమవారం పొద్దున మళ్లీ తూస్తే బరువు తగ్గింది. ఎవరూ పీల్చలేదు, ఎవరికీ మత్తు రాలేదు, గ్యాసు మాత్రం పోయింది.

మా పెద్ద సిలిండర్లో దాదాపు 30 కిలోల గ్యాసు పడుతుంది. 273తో గుణిస్తే 8 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒక లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క సిలిండర్ గాలిలో కలిస్తే మూడున్నర వేల లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు సూపర్‌వైజర్ గారు లేచి నిలబడ్డారు. "ఇది నేను చూసుకోవాల్సిన లైనండీ" అన్నారు.

జూలై: లీకు వేట, తర్వాత నిర్ణయం

బయోమెడికల్ ఇంజినీర్ సబ్బు నీళ్ల సీసా పట్టుకుని మేనిఫోల్డ్ గది నుంచి మొదలుపెట్టాడు. సిలిండర్‌ను లైనుకు కలిపే రాగి పిగ్‌టెయిల్ బిగింపు దగ్గర బుడగలు వచ్చాయి. వాషర్ గట్టిపడి చీలింది. గోడ ఔట్‌లెట్లలో కొన్నిటికి లోపలి సీలు అరిగింది. అన్నిటికంటే బాధ కలిగించింది రికవరీ గదిలో బీరువా వెనక కనబడిన ఔట్‌లెట్. అక్కడ ఎవరూ మత్తివ్వరు. గది మార్చినప్పుడు బీరువా అడ్డం పెట్టేశారు, లైను మాత్రం అలాగే ప్రెషర్‌తో ఉండిపోయింది.

వాషర్లు, సీళ్లు మార్చాం. మళ్లీ తూచాం. పోయేది తగ్గింది, ఆగలేదు. అప్పుడు అందరం కూర్చుని ఆలోచించాం. ఇరవై నాలుగు గంటలూ ప్రెషర్‌లో ఉండే పైపు ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటుంది. ఇవాళ ఒక చోట మూస్తే రేపు ఇంకోచోట. నెలకు ఏ కొంచెమో వాడే గ్యాసుకు ఆసుపత్రి పొడవునా పైపు ఎందుకు? మెషీన్ వెనకే చిన్న సిలిండర్ పెట్టుకునే యోక్ ఉంది. వాడే రోజు తెరుస్తాం, వాడాక కట్టేస్తాం.

మా సీనియర్ సార్ ఒకరు ఒప్పుకోలేదు. ఆయన పిల్లల కేసులు ఎక్కువ చేస్తారు. "మాస్కు పెట్టగానే ఏడ్చే పిల్లాడికి నైట్రస్ ఉంటే త్వరగా నిద్ర పడుతుందమ్మా, అది తీసేస్తే నేనొప్పుకోను" అన్నారు. ఆయన మాట న్యాయమైనదే. తీసేయడం లేదని, పైపు నుంచి చిన్న సిలిండర్‌కు మారుస్తున్నామని చెప్పి, పిల్లల లిస్టు ఉండే థియేటర్లో రెండు చిన్న సిలిండర్లు, ఒక స్పేర్ ఎప్పుడూ ఉండాలని రాతపూర్వకంగా పెట్టాం. ఆ షరతు మీద సంతకం పెట్టారు.

ఈ పని ఎవరైనా చేయాలనుకుంటే ఒక్క మాట గట్టిగా చెబుతాను. గ్యాసు లైన్ల మీద సొంత వైద్యం వద్దు. నైట్రస్ లైను మూసేది ఆ పని తెలిసిన ఇంజినీరే కావాలి, ఆక్సిజన్ లైనును ఎవరూ ముట్టుకోకూడదు. మూశాక ప్రతి థియేటర్లో ఆక్సిజన్ ఔట్‌లెట్ నుంచి వచ్చేది ఆక్సిజనేనని అనలైజర్ పెట్టి చూశాం. మెషీన్ల నుంచి నైట్రస్ గొట్టాలు ఊడదీసి, గోడ ఔట్‌లెట్లకు మూతలు వేసి, "లైను మూసివేయబడింది" అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి అంటించాం. చిన్న సిలిండర్ల యోక్‌కి పిన్ ఇండెక్స్ (ఒక్కో గ్యాసుకు ఒక్కో చోట ఉండే పిన్నులు) ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ చోట నైట్రస్ కూర్చోదు. అయినా ఆక్సిజన్ ప్రెషర్ పడితే నైట్రస్ ఆగుతోందో లేదో, అలారం మోగుతోందో లేదో ప్రతి మెషీన్‌లోనూ పరీక్షించాం.

లైను మూసిన తర్వాతి నెలల్లో పెద్ద సిలిండర్ ఒక్కటి కూడా కొనలేదు. ఈ ప్రాజెక్టులో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ఫలితం ఇచ్చిన పని ఇంకోటి లేదు.

ఆగస్టు: ఫ్లోమీటర్ దగ్గర మా చేతులు

నైట్రస్ పని నడుస్తుండగానే నా తోటి మత్తు డాక్టర్లతో మాట్లాడడం మొదలుపెట్టాను. మన యంత్రంలో పేషెంటు వదిలిన గాలి సోడాలైమ్ అనే గుళికల గుండా పోయి, అందులోని కార్బన్ డయాక్సైడ్ తీసేసుకుని, మళ్లీ పేషెంటుకే వస్తుంది. అందులో ఉన్న మత్తు మందు మళ్లీ వాడుకోవచ్చు. కానీ పైనుంచి కొత్త గ్యాసు నిమిషానికి 6 లీటర్లు తోస్తుంటే, తిరిగి రావాల్సిందంతా పొంగి బయటికి పోతుంది. ఫ్లో ఎక్కువున్నా తక్కువున్నా పేషెంటు ఒంట్లోకి వెళ్లేది అంతే.

పాత సూత్రం ఒకటి అందరికీ పనికొస్తుంది: గంటకు ఖర్చయ్యే ద్రవం మిల్లీలీటర్లలో కావాలంటే, నిమిషానికి లీటర్లలో గ్యాసు ఫ్లో, వేపరైజర్ (మత్తు ద్రవాన్ని ఆవిరి చేసే పరికరం) శాతం, ఈ రెండిటినీ గుణించి మూడు రెట్లు చెయ్యాలి. సీవోఫ్లురేన్ అనే మత్తు మందు 2 శాతం, ఫ్లో 6 లీటర్లు అంటే గంటకు 36 మి.లీ. ఫ్లో 1 లీటరుకు దించితే 6 మి.లీ. అర లీటరుకు దించితే 3 మి.లీ. ఈ మూడు అంకెలు స్కెచ్ పెన్నుతో రాసి ప్రతి మెషీన్ మీదా అంటించాం.

చెప్పడం తేలిక, చేతి అలవాటు మార్చుకోవడం కష్టం. ఒక కేసు దగ్గర నిలబడి గమనించాను. మాస్కుతో మత్తు పూర్తయింది, ట్యూబు వేయడానికి మాస్కు తీశారు, లారింగోస్కోప్ అందుకున్నారు. ఆ కాసేపూ వేపరైజర్ తెరిచే ఉంది, 6 లీటర్ల గ్యాసు నేరుగా గదిలోకి పోతోంది, దాన్ని పీల్చేది పక్కన నిలబడ్డ టెక్నీషియన్. వేపరైజర్ కట్టక్కర్లేదు, ఫ్లో కట్టేస్తే చాలు. సర్క్యూట్‌లో ఉన్న మందు అలాగే నిలిచి ఉంటుంది, ట్యూబు వేశాక మళ్లీ కలిపేసుకోవచ్చు. పేషెంటును పక్కకు తిప్పేటప్పుడూ అంతే. ఇది పట్టుకున్న తర్వాత మా టెక్నీషియనే గుర్తు చేస్తున్నాడు: "మేడమ్, ఫ్లో."

తక్కువ ఫ్లోకి వెళ్లాలంటే పేషెంటు పీల్చే ఆక్సిజన్ ఎంత, మత్తు గ్యాసు ఎంత అన్నది తెరమీద కనబడాలి. ఏజెంట్ మానిటర్ లేకుండా అర లీటరుకు దించమని నేను ఎవరికీ చెప్పను. మా నాలుగు మెషీన్లలో ఒకదానికి అది లేదు. అక్కడ 2 లీటర్ల దగ్గరే ఆగాం, మానిటర్ కోసం ఇండెంట్ పెట్టాం. ఫ్లో తగ్గితే సోడాలైమ్ త్వరగా రంగు మారుతుంది, అది ఎక్కువ కొనాల్సి వచ్చింది. అయినా మందు సీసాల్లో మిగిలింది దానికంటే ఎక్కువ. సీవోఫ్లురేన్ తక్కువ ఫ్లోలో వాడితే కిడ్నీకి ప్రమాదమన్న భయం ఇంకా కొందరిలో ఉంది. అది ఎలుకల్లో చూసిన కాంపౌండ్ ఏ అనే పదార్థం గురించిన భయం. ఇన్నేళ్ల వాడకంలో మనుషుల్లో ఆ నష్టం కనబడలేదు.

డెస్‌ఫ్లురేన్ గురించి రెండు మాటలు. బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు. సీవోఫ్లురేన్ సుమారు 130 రెట్లు, ఐసోఫ్లురేన్ 500 రెట్లకు పైగా. పైగా డెస్‌ఫ్లురేన్ బలం తక్కువ, 6 శాతం పెట్టాలి. లీటరు ఫ్లోలో ఒక గంట మత్తుకు లెక్క కడితే డెస్‌ఫ్లురేన్‌తో సుమారు 67 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, సీవోఫ్లురేన్‌తో కిలో చిల్లర. ఇది 23 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి దీని వేపరైజర్‌ను కరెంటుతో వేడి చేస్తూ ఉండాలి. వాడని రోజూ ప్లగ్గులోనే ఉంటుంది. స్కాట్లాండ్ 2023లో దీన్ని మానేసింది, ఇంగ్లాండ్ 2024లో. యూరోపియన్ యూనియన్‌లో 2026 జనవరి 1 నుంచి వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప వాడకూడదు.

మా దగ్గర బాగా బరువున్న పేషెంట్లు త్వరగా తేరుకుంటారని ఒక కన్సల్టెంట్ దీన్ని ఇష్టపడతారు. ఆ వాదన పూర్తిగా కొట్టిపారేయలేను. ఎవరికి, ఎందుకు అన్నది కేస్‌షీటులో రాసి తెప్పించుకోవచ్చని నియమం పెట్టాం. వేపరైజర్ ప్లగ్గు తీసి స్టోర్‌లో పెట్టాం. ఇప్పటికి ఎవరూ రాసి అడగలేదు.

వెన్నుకు ఇచ్చే మత్తు, నరాల చుట్టూ ఇచ్చే మత్తు పెంచితే గ్యాసే అక్కర్లేదు కదా అని సిస్టర్ అడిగారు. సిజేరియన్లు, మోకాళ్లు ఎప్పటినుంచో అలాగే చేస్తున్నాం. అయితే ఏ మత్తు అన్నది పేషెంటును చూసి తేల్చాలి, గ్యాసు ఆదా చూసి కాదు. దాన్ని ప్రాజెక్టులో పెట్టలేదు.

సెప్టెంబరు, అక్టోబరు: రాత్రి గాలి

అన్నిటికంటే పెద్ద కరెంటు ఖర్చు ఇక్కడే. అన్నిటికంటే వాదన జరిగిందీ ఇక్కడే.

ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ సంస్థ ప్రమాణాల ప్రకారం థియేటర్లో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో కనీసం 4 సార్లు బయటి తాజా గాలి. బయటికంటే లోపల ప్రెషర్ కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఉండాలి, తలుపు తీస్తే గాలి బయటికే పోవాలి తప్ప వరండా దుమ్ము లోపలికి రాకూడదు. ఉష్ణోగ్రత 21కి అటూ ఇటూ 3 డిగ్రీలు, తేమ 20 నుంచి 60 శాతం. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు వీటిలో దేన్నీ తగ్గించే ఆలోచనే లేదు. కానీ మా జనరల్ థియేటర్లలో సాయంత్రం నుంచి పొద్దున దాకా కేసులుండవు. ఆ ఖాళీ గదుల్లో ఏహెచ్‌యూ (గాలిని వడకట్టి, చల్లబరిచి పంపే యంత్రం) పంపే గాలి రాత్రంతా అదే వేగంతో, అదే చల్లదనంతో తిరుగుతోంది.

"రాత్రిపూట ఏహెచ్‌యూ తగ్గిస్తే, రేప్పొద్దున ఎవరికైనా ఇన్ఫెక్షనొస్తే మాట పడేది నేనండీ" అన్నారు సూపర్‌వైజర్ గారు. అందుకే ప్రమాణాల పుస్తకం ముందేసుకుని, ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చదివాం. ఏహెచ్‌యూ బ్లోయర్ ఆపకూడదు. అయితే కేసులు లేని వేళల్లో వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టి గాలి మార్పులను 25 శాతానికి దించుకోవచ్చు, ప్రెషర్ తేడా మాత్రం చెడకూడదు. అనుమతి స్పష్టంగా ఉంది. ఇన్నాళ్లూ చదవలేదంతే.

ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే దానికి కావాల్సిన పవర్ సగం కాదు, ఎనిమిదో వంతు. పవర్, వేగం ఘనానికి అనులోమంగా మారుతుంది. మోటారు నష్టాలు పోను కూడా మిగిలేది చాలా ఎక్కువ. ఒక థియేటర్ ఏహెచ్‌యూకి వీఎఫ్‌డీ ముందే ఉంది, పెట్టిన నాటి నుంచి ఒకే వేగంలో నడుస్తోంది. దానితోనే మొదలుపెట్టాం.

రాత్రి కేసులయ్యాక అందరం వెళ్లాం. ఇంజినీర్ వేగం కొద్దికొద్దిగా దించుతున్నాడు, సిస్టర్ తలుపు సందులో పలచని టిష్యూ కాగితం పట్టుకుని నిలబడ్డారు, నేను గోడ మీది గేజ్ చూస్తున్నాను. కాగితం బయటికి వంగి ఉన్నంతవరకు గాలి బయటికి పోతున్నట్టు. కొంత వేగం దించాక కాగితం నిటారుగా వేలాడింది, గేజ్ ముల్లూ పడింది. 25 శాతం చాలా దూరంలో ఉండగానే ప్రెషర్ పోయింది. కారణం వెతికితే తలుపు కింది రబ్బరు అంచు ఊడి వేళ్లు పట్టేంత సందుంది. ఇంతకాలం పూర్తి వేగంతో గాలి కొట్టడం వల్ల ఆ సందు ఎవరికీ తెలియలేదు. రబ్బరు మార్చి, రిటర్న్ డ్యాంపర్ (తిరిగి వెళ్లే గాలిని అదుపు చేసే రేకు) సరిచేసి, మరో రాత్రి మళ్లీ చూశాం. ఈసారి తక్కువ వేగంలో కూడా కాగితం బయటికే వంగింది. ముల్లు నిలబడిన వేగం కంటే కొంచెం పైన గుర్తు పెట్టి, దాన్నే రాత్రి వేగంగా ఖాయం చేశాం.

చల్లదనం విషయంలో మన తీరప్రాంతం వేరు. చల్లటి నీళ్ల లైను పూర్తిగా కట్టేసి గాలి మాత్రం తిప్పితే, సెప్టెంబరు రాత్రి బయటి తేమ అంతా లోపలికొచ్చి చల్లబడి ఉన్న గోడల మీద చెమటలా పడుతుంది. తడి గోడ అంటే బూజు. పొడి ప్రాంతాల్లో పనికొచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అందుకని చల్లదనం ఆపకుండా, ఉష్ణోగ్రతను కొద్దిగా పైకి వదిలి, తేమ 60 దాటకుండా కంట్రోల్ పెట్టాం. తేమ మీటరు రాత్రి రీడింగు సెక్యూరిటీ వాళ్లు రిజిస్టర్లో రాస్తున్నారు.

మరి అర్ధరాత్రి కేసొస్తే? గంటకు 20 గాలి మార్పులుంటే గదిలోని గాలిలో ఉన్న కణాల్లో 99 శాతం పోవడానికి సుమారు 14 నిమిషాలు, 99.9 శాతం పోవడానికి సుమారు 21 నిమిషాలు పడుతుంది. అపెండిక్స్ కేసును థియేటర్‌కు తెచ్చేలోపు ఆ సమయం దొరుకుతుంది, ఫోను రాగానే వేగం పెంచితే చాలు. కానీ బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్న సిజేరియన్‌కు ఆ 14 నిమిషాలు ఉండవు. అందుకని ఎమర్జెన్సీ థియేటర్ రాత్రీ పగలూ పూర్తి వేగంలోనే ఉంటుంది. దాని కరెంటు పేషెంటుకు చేరే ఖర్చే. లామినార్ ఫ్లో థియేటర్‌ను కూడా ఇప్పటికి ముట్టుకోలేదు.

ఇదే సందర్భంలో సిజేరియన్ థియేటర్ ఉష్ణోగ్రత మాట వచ్చింది. సర్జన్లు గౌనులో చెమట పడుతుందని 18 పెట్టమంటారు. పుట్టిన బిడ్డకు 18 డిగ్రీలు చలి. కాన్పు గది కనీసం 25 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గైనిక్ మేడమ్‌తో మాట్లాడి, బిడ్డ బయటికి రాబోయే ముందు నుంచి వేడి పెంచే ఏర్పాటు చేశాం. హాలోజన్ లైటు తీసి ఎల్‌ఈడీ పెట్టడంతో సర్జన్ తల మీద వేడి తగ్గింది, ఒప్పుకోవడం తేలికైంది.

నవంబరు: ట్రేలు, బట్టలు, బకెట్లు

ఈ భాగమంతా సిస్టర్‌దే. హెర్నియా ట్రే విప్పినప్పుడు ఏయే సామాను సర్జన్ చేతికి వెళ్లింది, ఏవి ట్రేలో అలాగే ఉండిపోయాయి అని ఆమె కేసు కేసుకూ టిక్కులు పెట్టారు. ఎప్పుడో ఎవరో అడిగారని చేర్చిన రిట్రాక్టర్లు, అదనపు ఆర్టరీ ఫోర్సెప్స్ ప్రతిసారీ విప్పడం, కడగడం, ఆటోక్లేవ్‌లో వేయడం, మళ్లీ సర్దడం. వాటిని విడిగా ప్యాక్ చేసి అల్మరాలో పెట్టారు, అడిగితే క్షణంలో దొరుకుతాయి. ట్రే చిన్నదయ్యేసరికి లోడుకు ఎక్కువ ట్రేలు పడుతున్నాయి, సగం ఖాళీగా నడిచే లోడ్లు తగ్గాయి. కౌంటింగ్ కూడా త్వరగా అవుతోందని స్క్రబ్ సిస్టర్లు అంటున్నారు. సూచర్ల (కుట్లు వేసే దారాల) విషయంలో నియమం ఒక్కటే: టేబుల్ దగ్గర ఉంచుతాం, సర్జన్ అడిగాకే విప్పుతాం.

గౌన్లు, డ్రేప్‌లు కోవిడ్ తర్వాత మా దగ్గర ఎక్కువగా డిస్పోజబుల్ అయిపోయాయి. వాటి బదులు ఉతికి వాడే గౌన్లకు మారితే కర్బన భారం సుమారు మూడింట రెండు వంతులు తగ్గుతుందని అమెరికాలో చేసిన జీవితచక్ర లెక్కలు (తయారీ నుంచి పారేసే దాకా చూసేవి) చెబుతున్నాయి. అయితే పాత నూలు గౌనుకు తిరిగి వెళ్లమని చెప్పను. తడిస్తే అది అడ్డు నిలవదు. ద్రవం లోపలికి దిగని, ఉతికి వాడే పాలిస్టర్ గౌన్లు జనరల్ సర్జరీకి తెప్పించాం. ఎన్నిసార్లు ఉతికామో గౌను లోపలి పట్టీ మీద గుర్తు పెడుతున్నారు. కీళ్ల మార్పిడి కేసులకు డిస్పోజబులే కొనసాగుతోంది. టోపీలు మా వీధి దర్జీ చేత నూలుగుడ్డతో కుట్టించాం, ముందు భాగంలో పేరు, హోదా. ఎమర్జెన్సీలో ఎవరెవరో తెలియడానికి బాగా పనికొస్తోంది.

బయోమెడికల్ వ్యర్థాల నియమాలు 2016 నుంచి ఉన్నాయి: పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. వాటిలో తప్పు పడితే నష్టం రెండువైపులా. పసుపు కవరు కాల్చడానికి పోతుంది. అందులో గ్లవ్స్ అట్టపెట్టె వేస్తే ఊరికే కాలుతుంది, గ్లవ్స్, గొట్టాలు వేస్తే రీసైకిల్ కావాల్సిన ప్లాస్టిక్ పొగవుతుంది. మేం చేసింది ఒక్కటే. పేషెంటు లోపలికి రాకముందు టేబుల్ సర్దేటప్పుడు వచ్చే కాగితాలు, అట్టలు, బయటి కవర్లకు మామూలు చెత్త డబ్బా పెట్టి, పేషెంటు రాగానే దాన్ని బయటికి తీసేస్తున్నాం. ఆ తర్వాత రంగు బకెట్లే. కలిసిపోయే అవకాశమే లేదు.

డిసెంబరు

మన దగ్గర ఇదంతా కొత్తని కొందరంటారు. మదురైలో 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రిలో ఒక ఫేకో (అల్ట్రాసౌండుతో ముక్కలు చేసి తీసే) శుక్లం ఆపరేషన్ కర్బన భారం సుమారు 6 కిలోలని 2017లో వచ్చిన పరిశోధన తేల్చింది. బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌కు అది 180 కిలోల దరిదాపు. అరవింద్‌లో ఇన్ఫెక్షన్లు మాత్రం ఎక్కువేమీ లేవు. ఒకే గదిలో పక్కపక్కన టేబుళ్లు, ఉతికి వాడే గౌన్లు, త్వరగా స్టెరిలైజ్ చేసే చిన్న సెట్లు, ఎక్కువ కేసులు. డబ్బు లేని పేషెంట్లకు కూడా చూపు ఇవ్వాలని పెట్టుకున్న పద్ధతులే అవి. కంటి ఆపరేషన్‌కు మత్తు గ్యాసు అక్కర్లేదు, కడుపు కోసే మా థియేటర్‌తో దాన్ని నేరుగా పోల్చను. కానీ పొదుపుగా చేసింది తక్కువ రకం వైద్యమన్న అపోహకు అక్కడి ఇన్ఫెక్షన్ రిజిస్టరే జవాబు. మా సర్జన్లకు ఆ పేపర్ ప్రింటు తీసి ఇచ్చాను, టీ గదిలో బాగా చర్చ జరిగింది.

మా ఇన్ఫెక్షన్ రిజిస్టర్‌ను కూడా ప్రాజెక్టు మొదటి నుంచి పక్కనే పెట్టుకున్నాం. రాత్రి గాలి తగ్గించిన థియేటర్లో గాలి కల్చర్లు (సూక్ష్మజీవుల పరీక్షలు) ముందూ వెనకా తీశాం. తేడా లేదు. కుట్లు చీము పట్టిన కేసులు ప్రతినెలా కమిటీ ముందు పెడుతున్నాం. పెరిగినట్టు కనబడితే ఏ మార్పునైనా అదే రోజు వెనక్కి తీసుకోవచ్చని ముందే రాసిపెట్టుకున్నాం.

జనవరి, సంక్రాంతి తర్వాత

రెండో జనరల్ థియేటర్ ఏహెచ్‌యూకి వీఎఫ్‌డీ కొనడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. నైట్రస్ సిలిండర్ల మీద, సీవోఫ్లురేన్ సీసాల మీద మిగిలిన డబ్బు చూపించి అడిగాం. ఏజెంట్ మానిటర్ ఇంకా రాలేదు. ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కునే స్క్రబ్ దగ్గర కుళాయిలు మోచేత్తో తిప్పేవి, చేతులు రుద్దుకుంటున్నంతసేపూ నీళ్లు పోతూనే ఉంటాయి. రోజు మొదటి కేసుకు సబ్బుతో కడిగి, తర్వాతి కేసులకు ఆల్కహాల్ రబ్ వాడే పద్ధతి గురించి సర్జన్లతో వచ్చే వారం మీటింగు. కాలి పెడల్ కుళాయిలకు కొటేషన్ అడిగాం.

మేనిఫోల్డ్ గదిలో నైట్రస్ వైపు ఖాళీ అయింది. అక్కడ ఆక్సిజన్ సిలిండర్ల స్పేర్ బ్యాంకు పెట్టమని సూపర్‌వైజర్ గారు అడిగారు. గోడకు గొలుసులు బిగించే పని శుక్రవారం మొదలవుతుంది. కొలతలు, చెక్‌లిస్టులు, మెషీన్ల మీద అంటించిన లెక్కలు అడిగిన ఆసుపత్రులకు ఇస్తున్నాం. పక్క పట్టణం నుంచి ఇద్దరు టెక్నీషియన్లు వచ్చి సిలిండర్ తూచే పద్ధతి చూసి వెళ్లారు, వాళ్ల లైను ఫలితం నెలాఖరుకు పంపుతామన్నారు.